తడిగుడ్డ పురాణం

చరిత్ర పుస్తకాల్లో రాజులు కట్టించిన కోటల గురించి పేజీలకి పేజీలు వుంటాయి. ఆ కోటల్లో నేల రోజూ ఎవరు తుడిచారు, దేనితో తుడిచారు అని వెతికితే మాత్రం ఒక్క వాక్యం దొరకడం కష్టం. రాసిన మహానుభావుల్లో ఎంతమంది తడిగుడ్డ చేత్తో పట్టుకున్నారు గనక! అంచేత ఆ లోటు తీర్చే పని చీపురూ చేటా తెలిసిన మనలాంటివాళ్ళకే వదిలేశారనుకోవాలి.

ఇప్పుడీ ఊసెందుకు వచ్చిందంటే, స్టీమ్ మాప్ మూలంగా. చూసే వుంటారు. పొడుగాటి కర్ర, దాని నడుముకి చిన్న నీళ్ళ డబ్బా, అడుగున మెత్తటి గుడ్డ. ప్లగ్గు పెట్టి మీట నొక్కితే డబ్బాలో నీళ్ళు మరిగి, ఆవిరై, గుడ్డలోంచి నేలకి తగుల్తుంది. సబ్బు లేదు, ఫినైలు లేదు, బకెట్టు మోత లేదు. కుక్కో పిల్లో వున్న ఇళ్ళలో దీనిమీద మోజు మరీ ఎక్కువ. కొనబోయేవాళ్ళంతా "ఏ కంపెనీది మంచిదండీ?" అని అడుగుతారు. మన నేలకి ఇది పడుతుందా, మన పిల్లికి పాత పద్ధతి పడుతోందా అని అడిగేవాళ్ళు తక్కువ. నన్నడిగితే అసలు ప్రశ్నలు ఆ రెండే. వాటికి జవాబు దుకాణంలో దొరకదు. నేల ఎలా మారుతూ వచ్చిందో, మనిషి దాన్ని ఎలా తుడుస్తూ వచ్చాడో — కాదు, వచ్చిందో — తెలిస్తే దొరుకుతుంది.

మన అమ్మమ్మల కాలం దాకా పల్లెటూళ్ళలో చాలా ఇళ్ళకి మట్టినేలే. దాన్ని తుడవరు, అలుకుతారు. పేడనీళ్ళలో గుడ్డ ముంచి, గొంతుక్కూర్చుని, చెయ్యి చాపినంత మేర విల్లులా తిప్పుతూ వెనక్కి వెనక్కి జరుగుతూ గది మొత్తం అలికేవారు. ఆరాక ముగ్గు. మట్టినేల గుణం ఏమిటంటే అది తాగుతుంది. పాలొలికినా, పసివాడు పాడుచేసినా పీల్చేసుకుని ఊరుకుంటుంది. దానిమీద మళ్ళీ ఇంకో పూత. అంటే ఆ పద్ధతిలో మురికిని తియ్యడం తక్కువ, కప్పెయ్యడం ఎక్కువ. ఈ పనికి అంతూ దరీ వుండదు కాబట్టే, ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ మన పిల్లలందరికీ చెప్పాం. ఆ ఈగ ఆడదేనని పి. సత్యవతిగారు "ఇల్లలకగానే" కథ రాసేదాకా చాలామందికి తట్టలేదు. ఆ కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ తన పేరే మరిచిపోతుంది.

ఆ ఇళ్ళలో జంతువులకేం కొదవ లేదు. కాని ఎవరి చోటు వారిది. ఆవు పాకలో, కుక్క వీధరుగు కింద, పిల్లి అటకమీదా ఆరిన పొయ్యిగడ్డమీదా. కుక్క గడప దాటితే పెద్దావిడ చీపురు తిరగేసేది. కాబట్టి కుక్క చేసే తడి సంగతి పెరడూ వీధీ చూసుకునేవి. నేలకి ఆ బెడద లేదు. పెరళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక కుక్కకి అరుగు లేదు, పిల్లికి అటక లేదు. ఇద్దరూ హాల్లోకి వచ్చారు. పసిపిల్ల పాకే నేలా, కుక్క పడుకునే నేలా ఒకటే అయిపోయింది. స్టీమ్ మాప్ అమ్మకాలకి మూలం ఇక్కడుందని నా అనుమానం.

మట్టి తర్వాత రాయి. రాయి విషయంలో తెలుగువాళ్ళం భాగ్యవంతులం. కర్నూలు వైపు వాళ్ళకి బేతంచెర్ల, కడప వైపు వాళ్ళకి కడప నాపరాళ్ళు, తెలంగాణలో తాండూరు బండలు. హైదరాబాదు పాత ఇళ్ళలో "షాబాదు బండ" అంటారే, ఆ షాబాదు ఇప్పుడు కర్ణాటకలో వుంది గాని 1956కి ముందు హైదరాబాదు రాష్ట్రంలోదే. ఈ రాళ్ళన్నీ సున్నపురాతి జాతి. వేసవిలో వీటిమీద ఒట్టినే పడుకుంటే వుండే సుఖం పట్టుపరుపుమీద లేదు. కాని సున్నపు జాతికి పులుపు పడదు. చింతపండు పులుసు ఒలికి ఊరుకుంటే మచ్చ, నిమ్మకాయ పిండితే మచ్చ. బాత్‌రూములో పోసే యాసిడ్ చుక్క పడితే ఇక చెప్పనక్కర్లేదు, బుసబుసమని పొంగి గుంట పడుతుంది. మార్బుల్‌దీ అదే జాతి, అదే జబ్బు. ధర మాత్రం వేరు.

రాయి కొనలేనివాళ్ళకీ, కొనగలిగినా ముచ్చటపడ్డవాళ్ళకీ ఎర్రగచ్చు వచ్చింది. సిమెంటులో రెడాక్సైడు కలిపి, తాపీ మేస్త్రీ గంటల తరబడి రుద్ది రుద్ది అద్దంలా చేసేవాడు. తర్వాత దానికి మైనం పట్టించేవారు, కొబ్బరినూనె రాసి తుడిచేవారూ వుండేవారు. బొంబాయిలో 1922లో సిధ్వా కుటుంబంవారు భారత్ టైల్స్ పెట్టి, విదేశీ టైల్సుకి దీటుగా రంగురంగుల సిమెంటు బిళ్ళలు చేయడం మొదలెట్టారు. అదీ స్వదేశీ ఉద్యమపు ఊపులోనే. మనం ఖద్దరు గురించి చెప్పుకున్నంతగా గచ్చు గురించి చెప్పుకోలేదు గాని, కాళ్ళకింద కూడా స్వదేశీ జరిగింది. ఆపైన మొజాయిక్, ఆపైన ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైటు, ఇప్పుడు గుజరాతు మోర్బీ నుంచి లారీలకి లారీలు దిగే విట్రిఫైడ్ టైల్సు. ఈ చివరిదాని ప్రత్యేకత ఒక్కటే: అది దాదాపు నీరు తాగదు. దాని బరువులో అర శాతానికి మించి నీరు పీల్చకూడదని లెక్క. చూశారా, తాగడమే గుణంగా వున్న మట్టినేల దగ్గర మొదలెట్టి, ఒక్క చుక్క తాగని నేల దాకా వచ్చేశాం.

ఇంత మారినా మారనిది తుడిచే మనిషి నడుము. మట్టిపోయి రాయి వచ్చినా, రాయిపోయి టైలు వచ్చినా ఆవిడ వంగే వుంది.

ఇది మన ఒక్కళ్ళ గోడే కాదు. మనం గొంతుక్కూర్చుని తుడిస్తే దొరసానుల దేశంలో పనిమనుషులు మోకాళ్ళమీద వంగి తోమేవారు. మోకాలిచిప్ప ముందు నీరు చేరి వాచే జబ్బుకి ఇంగ్లీషు డాక్టర్లు పెట్టిన పేరే "హౌస్‌మెయిడ్స్ నీ", అంటే పనిమనిషి మోకాలు! పనిమనిషి పేరు వైద్య గ్రంథాలకెక్కింది గాని పనిముట్టు మాత్రం మారలేదు. అమెరికాలో 1893లో కాలమజూ అనే ఊళ్ళో థామస్ స్టూవర్ట్ అనే నల్లజాతి ఆయన, గుడ్డని కర్రకి బిగించి, వంగకుండా పిండుకునే ఏర్పాటుతో ఒక మాప్‌కి పేటెంటు తీసుకున్నాడు. బానిసత్వం పోయి ముప్ఫయ్యేళ్ళు కూడా నిండని దేశంలో, నేల ఎవరు తుడిచేవారో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

స్పెయిన్ దేశం కథ ఇంకా బావుంటుంది. మాన్యుయెల్ హాలోన్ అనే విమానాల ఇంజనీరు అమెరికా వెళ్ళి, అక్కడ విమానాల షెడ్లలో మనుషులు నిలబడి కర్రతో నేల తుడుస్తూ, బకెట్టుకున్న రోలర్లలో పిండుకోవడం చూశాడు. ఇంటికొస్తే తన దేశంలో ఆడవాళ్ళు మోకాళ్ళమీద వున్నారు. 1956లో జరగోజాలో ఒక కర్రా ఒక బకెట్టూ తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. తర్వాత ప్లాస్టిక్ బకెట్టులో చిల్లుల గరాటా పెట్టి, అందులో కుచ్చు నొక్కి పిండేలా మార్చాడు. మన బజార్లో ఇవాళ దొరికే బకెట్టు మాప్‌లకి అది పెద్దక్క. దానికి జనం పెట్టిన పేరు "ఫ్రెగోనా". ఆ మాటకి అసలు అర్థం అంట్లు తోమే పనిపిల్ల. 1613లో సెర్వాంటెస్ అచ్చు వేసిన కథల్లో ఒకదాని పేరులోనే ఆ మాట వుంది. అప్పటిదాకా మనిషిని చిన్నచూపు చూసే మాట, అప్పట్నుంచీ కర్రకి పేరైంది. ఈ హాలోనే తర్వాత ఒకసారి వాడి పారేసే ఇంజెక్షన్ సిరంజిలు కూడా తయారుచేయించాడు. ఇన్ని చేసినవాడి పేరు మన పిల్లల పాఠాల్లో వుండదు. విమానం చేసుంటే వుండేది.

కర్ర సంగతి అలా వుంచండి. బకెట్టులో ఏం పోశారన్నది ఇంకో కథ. పెంపుడు జంతువులున్నవాళ్ళు చెవి యొగ్గి వినాల్సింది ఇదే.

బొగ్గు నుంచి తీసే తారులో ఒక ఘాటైన పదార్థం వుందని 1834లో రుంగే అనే జర్మన్ రసాయనికుడు కనిపెట్టాడు. దానికి కార్బాలిక్ ఆమ్లమనీ, తర్వాత ఫినాల్ అనీ పేరొచ్చింది. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జను, బండిచక్రం కిందపడి కాలు విరిగిన పదకొండేళ్ళ పిల్లాడికి ఆ ద్రావకంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. అలాంటి గాయమైతే ఆ రోజుల్లో చీము పట్టి కాలు తియ్యాల్సిందే. పిల్లాడు ఆరు వారాల్లో నడిచాడు. అంతే, ఆస్పత్రులన్నీ ఆ వాసనతో నిండిపోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. తారు నుంచి తీసిన ఈ జాతి సరుకులే ఇంగ్లండులో జేయస్ ఫ్లూయిడ్, జర్మనీలో 1889లో లైసాల్, మన దేశంలో నల్ల ఫినైలు. అప్పట్నుంచీ మనకొక గట్టి నమ్మకం కుదిరిపోయింది: ఫినైలు వాసన రాకపోతే ఇల్లు తుడిచినట్టు కాదు! చుట్టాలొస్తారంటే ఇంకో మూత ఎక్కువ పోస్తాం.

దీనికి పోటీగా ఆవిరి కూడా ఆ రోజుల్లోనే బయల్దేరింది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచాయన మూత బిగించి ఎముకలు ఉడికించే గిన్నె చేశాడు. మన ప్రెషర్ కుక్కరుకి ముత్తాత అది. ఆ గిన్నె పద్ధతినే రెండొందల ఏళ్ళ తర్వాత, 1879లో, పాశ్చర్ దగ్గర పనిచేసే చాంబర్లాండ్ సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవుగా మార్చాడు. 1881లో బెర్లిన్‌లో రాబర్ట్ కోహ్, ఆయన అనుచరులూ కలిసి పొడి వేడిగాలినీ తడి ఆవిరినీ పోల్చి చూస్తే ఆవిరే చప్పున పనిచేస్తుందని తేలింది. ఆంథ్రాక్స్ మొండి బీజాలమీద కార్బాలిక్ ఏమంత పనిచెయ్యదనీ అప్పుడే తేలింది. ఆస్పత్రి కత్తులూ గుడ్డలూ ఆవిరికి మారాయి. మన గచ్చు మాత్రం ఫినైలు దగ్గరే వుండిపోయింది. ఆవిరిని సీసాలో పోసి కిరాణా కొట్లో అమ్మలేరు కదా.

ఇప్పుడు పిల్లి సంగతి. కుక్క నేలమీద పడుకుంటుంది, నాకుతుంది. పిల్లి అయితే రోజూ ఎంతోసేపు తన ఒళ్ళూ పాదాలూ తానే నాక్కుంటుంది. అంటే మనం తుడిచిన నేలని అది మళ్ళీ నాలుకతో తుడుస్తోందన్నమాట. ఫినాల్ జాతి పదార్థాల్ని విరిచి బయటికి పంపే ఒక ముఖ్యమైన ఎంజైమ్ పని పిల్లి ఒంట్లో జరగదు. వేల తరాలుగా ఒట్టి మాంసం తిని బతికిన జాతికి ఆకుల్లో, కాయల్లో వుండే ఆ రకం పదార్థాలతో పని పడలేదు. పని లేని జన్యువు పాడైపోయింది. సింహానికీ పులికీ కూడా అంతే. మనకి జ్వరమొస్తే వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తియ్యగలదంటే కారణం ఈ బాపతే. అందుకే తారు ఫినైలు గాని, నీళ్ళలో పోయగానే పాలలా తెల్లబడే ఫినాల్, పైన్ ఆయిల్ ద్రావకాలు గాని పిల్లి తిరిగే ఇంట్లో వాడొద్దని పశువైద్యులు మొత్తుకుంటారు. పిల్లికి చొంగ కారినా, తూలినా, తిండి మానేసినా మనం "ఏదో తిన్నట్టుంది" అనుకుంటాం. తిన్నది మన శుభ్రాన్నే అయివుండొచ్చు.

ఇంకొకటి. కుక్క ఉచ్చపోసిన చోట కంపు పోవాలని కొందరు బ్లీచింగ్ నీళ్ళు కుమ్మరిస్తారు. పాత ఉచ్చలో అమ్మోనియా వుంటుంది. బ్లీచింగ్ దానితో కలిస్తే కళ్ళు మండించి ఊపిరి సలపనివ్వని వాయువు పుడుతుంది. తలుపులు వేసిన అపార్ట్‌మెంటు బాల్కనీలో అది మనకీ కుక్కకీ కూడా చేటే.

ఈ రెండు కథలూ, అంటే మోకాలి కథా ఆవిరి కథా, ఒకచోట కలిసింది కొరియాలో. కొరియా ఇళ్ళు చలికాలం కోసం కట్టినవి. వంటింట్లో పొయ్యి వేడీ పొగా నేలకింది సొరంగాల్లోంచి పోయి పైన పరిచిన బండల్ని వెచ్చబెడతాయి. దీన్ని ఓండోల్ అంటారు. ఆ బండలమీద పూర్వం నూనె పట్టించిన మందపాటి కాగితం అంటించేవారు. ఆ నేలమీదే కూర్చుంటారు, తింటారు, పడుకుంటారు. చెప్పులు గుమ్మం బయటే. అచ్చం మనలాగే! అందుకే నేల మెరిసిపోవాలి. అందుకే ఇల్లాలు రోజూ మోకాళ్ళమీద పాకుతూ తడిగుడ్డతో తుడవాలి. హాన్ క్యుంగ్-హీ అనే ఆవిడ ప్రభుత్వ విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూ, ఇంటికొచ్చి ఈ పాకుడు కూడా పాకేది. వేడినీళ్ళ గుడ్డతో అయితే జిడ్డు బాగా పోతుంది, కాని ఆ వేడి గుడ్డని కర్ర చివర్న పెట్టి నిలబడి తుడిస్తే ఎంత బావుండును అని ఆవిడ ఆలోచన. ఐరోపాలో అప్పటికే పీపా అంత ఆవిరి యంత్రాలు వున్నాయి గాని, ఇంటి గది తుడవడానికి పొందిగ్గా కర్ర రూపంలో కావాలి. 1999లో కంపెనీ పెట్టింది. ఆర్నెల్లలో అయిపోతుందనుకున్న పని ఏళ్ళు పట్టింది. ఇల్లు తాకట్టుకెళ్ళింది. చివరికి టీవీ చూస్తూ ఫోనులో కొనుక్కునే కార్యక్రమాల్లో ఆవిడ యంత్రాలు లక్షల మీద అమ్ముడుపోయాయి. కొన్నది ఎవరు? మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళే.

కథ ఇక్కడికి వచ్చింది గాని, కొరియా నేలకి కుదిరినది మన ప్రతి నేలకీ కుదరదు. మా ఎదురింటి ఆవిడ మొన్న వచ్చి, "వదినగారూ, మా అబ్బాయి స్టీమ్ మాప్ పంపిస్తానంటున్నాడు. పుచ్చుకోమంటారా?" అని అడిగారు. వాళ్ళకో లాబ్రడార్, ఓ తెల్లపిల్లి. హాల్లో విట్రిఫైడ్ టైల్సు, పడగ్గదిలో కొడుకు ముచ్చటపడి వేయించిన చెక్కలాంటి లామినేటు, వెనక వసారాలో పాత నాపరాళ్ళు. ఒక్క ఇంట్లో మూడు యుగాలు!

ఆవిడకి చెప్పిన చిట్కా మీకూ చెబుతాను. నేలమీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి పది నిమిషాలు ఆగండి. చుక్కలు అలాగే ముత్యాల్లా వుంటే ఆ నేల ఆవిరికి ఓర్చుకుంటుంది. చుక్క కింద రాయి నల్లబడి తడి ఇంకితే, అది తాగే నేల, మట్టినేలకి చెల్లెలు. దానిమీద వేడి ఆవిరి పెడితే లోపలికి పోతుంది. పోయేటప్పుడు మురికినీ కుక్క ఉచ్చ కంపునీ కూడా వెంటబెట్టుకుని పోతుంది. ఎర్రగచ్చూ, పాత మొజాయిక్కూ అయితే మైనం మెరుపు లేచిపోయి నేల పాలిపోతుంది. లామినేటు సంగతి అడక్కండి. సందుల్లో ఆవిరి దూరి అంచులు అప్పడంలా పొంగుతాయి. వినైలు పరుపులకి కింద జిగురు వదులుతుంది. మార్బుల్‌కి పైన సీలర్ పట్టించి వుంటే, ఒకచోట నిలపకుండా చకచకా తుడవొచ్చు. లేకపోతే వద్దు. అంటే వాళ్ళింట్లో యంత్రం పనికొచ్చేది హాలుకీ వంటింటికీ మాత్రమే. ఆవిడకి కొంచెం నిరాశగానే వుంది. కాని హాలే కదా కుక్క సామ్రాజ్యం!

కుక్క పాడుచేసిన చోట మొట్టమొదటే ఆవిరి పెట్టకూడదు. తడిని పాతగుడ్డతో అద్ది తీసి, చల్లనీళ్ళతో ఒకటికి రెండుసార్లు తుడిచి, కంపు మిగిలితే పెంపుడు జంతువుల కోసమే అమ్మే ఎంజైమ్ ద్రావకం వేసి, చివర్న కావాలంటే ఆవిరి. గుడ్డు సొన చల్లనీళ్ళతో కడిగితే పోతుంది, వేణ్ణీళ్ళు పోస్తే గిన్నెకి అంటుకుపోతుంది. ఇదీ అలాంటిదే. అలాగే వెంట్రుకలు. ముందు పొడిగా ఊడవాల్సిందే. ఊడవకుండా ఆవిరి తోస్తే కుక్క బొచ్చు తడిసి ఉండలు కట్టి గదంతా ఊరేగుతుంది. పిడుదులు కూడా చస్తాయని కొందరు ఆశపడతారు. నేలమీద దొరికింది చస్తుందేమో గాని, కుక్కలకి పట్టే పిడుదు గోడ బీటల్లోకి పాకి గుడ్లు పెడుతుంది. అక్కడికి మాప్ వెళ్ళదు.

డబ్బామీద "99.9 శాతం క్రిములు ఖతం" అని అచ్చు వేస్తారు. ఆ అంకె అబద్ధమని అనను. ఎన్ని సెకన్లు ఒకేచోట కర్ర నిలిపితే ఆ అంకె వచ్చిందో లోపలి పుస్తకంలో చిన్నక్షరాల్లో వుంటుంది, అది చదవండి. చాంబర్లాండ్ ఆవిరిని పెట్టెలో బిగించాడు. మన ఆవిరి గుడ్డ దాటగానే గాలిలో కలిసి చల్లారుతుంది. పరుగులమీద తుడిస్తే నేల శుభ్రపడుతుంది గాని ఆస్పత్రి అయిపోదు. ఇంటికి అంతే చాలు.

కరెంటు సంగతి ఇంట్లోవాళ్ళు మర్చిపోతారు. ఈ యంత్రాలు చాలావరకు 1,000 నుంచి 1,500 వాట్లు లాగుతాయి. 1,500 అంటే ఆరున్నర ఆంపియర్లు. గోడకున్న చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, పాత ఇళ్ళలో 5. కాబట్టి గీజరుకి వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు హాల్లో ఎక్కడుందో చూసుకుని, అక్కణ్ణించి గది చివర దాకా తీగ అందుతుందో లేదో మూరలేసి కొలుచుకోండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలతో సాహసాలొద్దు. నీళ్ళ సంగతి మన ఊళ్ళకి మరీ ముఖ్యం. బోరునీళ్ళు పోస్తే గీజరు కాయిల్‌కి పట్టే తెల్లపెచ్చు దీని గొంతులోనూ పట్టి, ఆవిరి బదులు నీళ్ళు కక్కుతుంది. తాగే ఫిల్టరు నీళ్ళు పొయ్యాలి. డబ్బా అరలీటరు లోపే కాబట్టి గుండె బాదుకోనక్కర్లేదు. సువాసన నూనెలు మాత్రం పొయ్యకండి. యంత్రానికీ చేటు, ఆ నూనెల్లో చాలావాటికి పిల్లి కాలేయంతో ఫినైలుకున్న పేచీయే వుంది.

ఇక గుడ్డలు. ఒక్క గుడ్డతో ఇల్లంతా తుడిస్తే హాల్లో కుక్క మురికి వంటింటికి ప్రయాణం కడుతుంది. కనీసం మూడు నాలుగు గుడ్డలు అదనంగా దొరికే రకం తీసుకోండి. ఆ గుడ్డలు రెండేళ్ళ తర్వాత కూడా బజార్లో దొరుకుతాయా అని అడగండి. యంత్రం కన్నా ముందు పోయేది గుడ్డే. బరువు కూడా ఎత్తి చూడండి. నీళ్ళతో కలిపి మూడు కిలోల దాకా వుండేవి వున్నాయి. దుకాణంలో చేతికి తేలిగ్గానే వుంటుంది, మూడో గది దగ్గర తెలుస్తుంది.

ఎత్తి చూడాల్సింది ఎవరంటారా? రోజూ తుడిచేవాళ్ళు. మన ఇళ్ళలో చాలాచోట్ల అది మనం కాదు, పనమ్మాయి. నాలుగిళ్ళలో నాలుగు హాళ్ళు గొంతుక్కూర్చుని తుడిచే మనిషి. "కర్రతో తుడిస్తే మూలలు రావండీ, చేత్తోనే తుడవాలి" అని మనలోనే ఎంతోమంది అంటూ వుంటాం. ఆ మూలలో చారెడు దుమ్ము కోసం ఆవిడ మోకాళ్ళు అరగాలా? అని అడిగితే మొహం చిట్లిస్తాం. స్టీమ్ మాప్ కొన్నాం కదా, పని తేలికయింది కదా, జీతంలో ఓ రెండొందలు తగ్గిద్దామనే లెక్కలు కూడా నేను విన్నాను. అదేం న్యాయమో నాకు బోధపడదు. తగ్గింది ఆవిడ నొప్పి. అది మన సొమ్ము ఎలా అవుతుంది?

ఎదురింటి ఆవిడ యంత్రం పుచ్చుకున్నారు. మొదటిరోజు పనమ్మాయిని పిలిచి, ఆవిరి మూతి ఎటుంటుందో, తుడిచాక అడుగుపలక ఎంతసేపు కాలుతూ వుంటుందో చూపించి, కుక్కని బాల్కనీలో కట్టేసి పని మొదలెట్టారట. ఆ "బుస్స్" చప్పుడుకి లాబ్రడార్ ఊళ్ళో వాళ్ళందరినీ పిలిచింది. పిల్లి రెండు రోజులు మంచం కిందనుంచి బయటికి రాలేదు. ఇప్పుడు కర్ర ముందుకు కదలడం ఆలస్యం, వెనకాలే వచ్చి, ఆరీ ఆరని గోరువెచ్చటి టైలుమీద పొట్ట ఆన్చి పడుకుంటోంది. దాన్ని లేపి మిగతా గది తుడవడమే ఇప్పుడు పనమ్మాయికి పెద్ద పనట.